పొడి కోత

"మంచం ఇక్కడినుంచి కదలదు అత్తయ్యా. మీరు వదిలెయ్యండి," అంది పెద్దకోడలు.

మంచం తలవైపు ఆమె పట్టుకుంది, కాళ్లవైపు అత్తగారు పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు లాగుతుంటే అది గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుని అటూ కాక ఇటూ కాక నిలిచిపోయింది. ఆ మంచం మీద పడుకోవాల్సిన మనిషి, పెద్దకోడలి భర్త, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

"వెనక గదిలో వాడికి ప్రశాంతంగా ఉంటుంది," అంది అత్తగారు.

"ఆ గదికి కిటికీయే లేదు."

"తలుపుందిగా!"

"అవును, మూసెయ్యడానికి ఉంది."

అత్తగారు మంచం కోడు ఇంకా గట్టిగా పట్టుకుంది. "నీ కడుపున పుట్టిన పిల్ల కూడా ఇదే ఇంట్లో తిరుగుతోంది. బడినుంచి రాగానే వాళ్ల నాన్న ఒళ్లో ఎక్కి కూర్చుంటుంది. దాని గురించైనా ఆలోచించవా? అన్ని మాత్రలు మింగినా తగ్గలేదంటే అది మొండి టీబీ. ఎక్కడినుంచి వచ్చిందో నేను వేలుపెట్టి చూపించాలా? మీ అమ్మకు ఉందా, లేదా?"

ఈ మాట ఈ ఇంట్లో చాలా రోజులుగా నలుగుతున్నదే. వంటింట్లో గుసగుసగా, చుట్టాల ముందు నిట్టూర్పుగా వినిపించేది. ముఖాన అనడం మాత్రం ఇదే మొదలు.

పెద్దకోడలు మంచం వదిలేసింది. పారిపోవడానికి కాదు, నడుం మీద చేతులు పెట్టుకోవడానికి.

"ఉంది అత్తయ్యా. మా అమ్మకు టీబీ వచ్చింది. మందులు సరిగ్గా వాడింది, తగ్గిపోయింది. ఆ తర్వాత నన్ను కన్నది, పెంచింది, పెళ్లి చేసింది. చివరికి గుండె ఆగి పోయింది. నేను పుట్టకముందే తగ్గిపోయిన జబ్బు మీ అబ్బాయిని వెతుక్కుంటూ ఇంతదూరం నడిచొచ్చిందా?"

"అబ్బా, ఆపండి ఇద్ద..." అన్నాడు కుర్చీలోని మనిషి. మాట పూర్తి కాకుండానే దగ్గు వచ్చి మింగేసింది.



ఇంటి డాక్టరు మామగారికి చిన్ననాటి స్నేహితుడు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు, ఏ దగ్గుకైనా ఆయన దగ్గర రెండే పేర్లు ఉన్నాయి, పడిశం, టీబీ. కఫంలో క్రిమి కనపడలేదని పరీక్ష ఎన్నిసార్లు చెప్పినా, "కనపడకపోతే లేనట్టా?" అని మాత్రలు పొడిగిస్తూ పోయాడు. పోయినవారం పెద్దకోడలు ఇంట్లో ఎవరి మాటా వినకుండా భర్తను ఛాతీ ఆసుపత్రికి లాక్కుపోయింది. అన్ని పరీక్షలూ మళ్లీ చేయించింది. ఇవాళ ఫలితాలు చెప్తారు.

మామగారు బూట్లతోనే లోపలికి వచ్చారు. గుమ్మంలో మంచాన్ని చూశారు, ఇద్దరు ఆడవాళ్లనూ చూశారు.

"ముందు దీన్ని ఎక్కడిదక్కడ పెట్టండి. ఆసుపత్రికి నేనూ వస్తున్నా," అన్నారు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "డాక్టరుతో మాట్లాడేది నేను," అన్నారు.

* * *

ఛాతీ డాక్టరమ్మ వెలుగుతున్న తెర మీద ఊపిరితిత్తుల బొమ్మల్ని ఒక్కొక్కటిగా జరుపుతూ చూసింది. తర్వాత కుర్చీ ఇటు తిప్పుకుంది.

"పోయినవారం మీరు చేసే పనేమిటని అడిగితే వ్యాపారం అన్నారు. ఏం వ్యాపారం?"

"పలకల వ్యాపారం," అన్నారు మామగారు, కొడుకు నోరు తెరిచేలోపే.

"అమ్ముతారా, కోస్తారా?"

"అన్నీ ఉంటాయి. వ్యాపారమన్నాక..."

"కోస్తారండీ," అంది పెద్దకోడలు. "వంటింటి గట్ల మీద పరిచే పలకలు, అచ్చుపోసిన రాతివి. ఇంటి వెనకే షెడ్డు. ఈయన పెళ్లికి ముందునుంచీ అందులోనే రంపం దగ్గర పనిచేస్తున్నారు."

"అమ్మాయ్," అన్నారు మామగారు. ఆయన ఆ ఒక్కమాట అంటే ఇంట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోతుంది. ఇక్కడ మాత్రం డాక్టరమ్మ ఆగలేదు.

"నీళ్లు పెట్టి కోస్తారా, పొడిగానా?"

"మొదట్లో నీళ్లతోనే," అన్నారు మామగారు. "ఆ బురద కాలువలోకి పోతోందని వీధివాళ్లు గొడవకొచ్చారు. నీళ్ల గొట్టం కట్టేయించాను. ఇప్పుడు పొడి కోతే. పని కూడా తొందరగా తెములుతుంది. అందరూ అలాగే కోస్తున్నారు."

డాక్టరమ్మ తల ఊపింది. తెర మీద వేలు పెట్టింది.

"ఈ సన్న చుక్కలు చూడండి. పైభాగాల్లో ఎక్కువగా ఉన్నాయి. ఇదిగో, ఇక్కడ గ్రంథుల చుట్టూ గుడ్డుపెంకులా సున్నం పేరుకుంది. కఫంలో టీబీ క్రిమి లేదు. లోపలికి గొట్టం పంపి కడిగి తీసిన నీళ్లలోనూ లేదు. టీబీ కూడా కొన్నిసార్లు ఇలాంటి చుక్కలే పెడుతుంది. అందుకే ముందు చూసినాయన పొరబడి ఉంటారు. బొమ్మ ఒక్కటే చూస్తే ఎవరైనా పొరబడొచ్చు. మనిషి ఏం పని చేస్తాడో అడిగితే సగం జబ్బు అక్కడే దొరుకుతుంది. ఇది టీబీ కాదు, సిలికోసిస్. రాతిదుమ్ము జబ్బు."

డాక్టరమ్మ వేలితో తన ముక్కు చూపించింది.

"కంటికి కనపడే దుమ్ము ముక్కులోనే ఆగుతుంది, తుమ్మితే పోతుంది. కనపడనిదే ప్రమాదం. అది చిట్టచివరి గాలితిత్తుల దాకా పోయి కూర్చుంటుంది. దాన్ని తినెయ్యమని ఒళ్లు తన కణాల్ని పంపిస్తుంది. రాయిని ఎవరు అరిగించుకోగలరు? ఆ కణాలే చచ్చిపోతాయి. చచ్చినచోటల్లా మచ్చ కడుతుంది. కాలిన పుండు మానాక చర్మం బిగుసుకుపోతుందే, అలా. బిగుసుకున్న ఊపిరితిత్తి సాగదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది అందుకే."

"మందు రాసివ్వండి," అన్నారు మామగారు.

"ఆ మచ్చల్ని కరిగించే మందు లేదండీ."

పెద్దకోడలు భర్త వైపు చూసింది. అతను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు, దాన్ని బాగుచెయ్యమని ఎవరో అప్పజెప్పినట్టు.

"మందు లేదంటే చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు," అంది డాక్టరమ్మ, ఈసారి అతనితోనే. "టీబీ మాత్రలు ఆపేద్దాం. ఇవాళ్టినుంచి ఆ దుమ్ములో మీరు ఒక్క ఊపిరి కూడా పీల్చకూడదు. అన్నిటికంటే పెద్ద వైద్యం అదే. ఫ్లూకీ న్యుమోనియాకీ టీకాలు వేస్తాను. ఊపిరి కసరత్తులు నేర్పిస్తారు, రోజూ చెయ్యాలి. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే ఆక్సిజన్ పెడతాం. ఈ జబ్బున్నవాళ్లను టీబీ సులువుగా పట్టుకుంటుంది, దాన్ని కూడా కనిపెట్టుకుని ఉంటాం. ఒకళ్లనుంచి ఒకళ్లకు అంటేది కాదిది. మీ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోండి."

అతను తల దించాడు. భుజాలు ఒక్కసారి ఎగిసి పడ్డాయి. దగ్గు మాత్రం రాలేదు.

"మా నాన్న రాయి కొట్టాడు. నేనూ కొట్టాను. మాకెవరికీ రాలేదే?" అన్నారు మామగారు.

"ఆయన ఆరుబయట ఉలితో కొట్టి ఉంటారు. ఆ రాయి వేరు, ఈ పలక వేరు. ఇది రాతిపిండిని జిగురుతో కలిపి అచ్చుపోసింది. సిలికా చాలా ఎక్కువ. నాలుగు గోడల మధ్య కరెంటు రంపంతో పొడిగా కోస్తే ఎంత లేస్తుందో మీకే తెలుసు. పోనీ, మీ ఛాతీ కూడా ఒకసారి ఫొటో తీద్దామా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"షెడ్డులో పనిచేసేవాళ్లందర్నీ కూడా చూడాలి. పనివాళ్ల ఆరోగ్యం చూసే ఆఫీసుకు నేనెలాగూ చెప్తాను. కానీ వాళ్ల మనిషి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని పనిచెయ్యరుగా మీవాళ్లు."

మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. గొంతు మెత్తబడింది. ఆయన గొంతు మెత్తబడితేనే భయపడాలని ఇంట్లో అందరికీ తెలుసు.

"చూడమ్మా, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మావాడి సంగతి మేం చూసుకుంటాం, మీరు చెప్పినట్టే. ఈ మాట మాత్రం ఈ గదిలోనే ఉండనివ్వండి. అడిగినవాళ్లకు టీబీ అనే చెప్పుకుంటాం."

"నాన్న అన్నట్టే కానివ్వండి డాక్టరు గారూ," అన్నాడు కొడుకు.

పెద్దకోడలు అతన్ని చూసింది. అతను మళ్లీ ఫ్యాను వైపు తిరిగాడు. ఆమె డాక్టరమ్మ వైపు వంగి, ప్రతి మాటా విడివిడిగా వినపడేలా అడిగింది.

"పనివాళ్లందర్నీ ఏ రోజు తీసుకురమ్మంటారండీ?"

* * *

ఇంటికి రాగానే పెద్దకోడలు గది తలుపు వేసింది.

"ఎందుకలా అన్నారు?"

"ఏమన్నాను?"

"టీబీ అనే చెప్పుకుంటామని. ఎవర్ని వేలెత్తి చూపి చెప్పుకుంటారు? నన్నేగా? మా అమ్మ ఫొటో ఇంట్లో పెట్టుకోవడానికి కూడా నేను సంకోచించాను, తెలుసా మీకు?"

అతను మంచం మీద కూర్చుని చొక్కా గుండీ విప్పుకున్నాడు.

"టీబీ అయితే తగ్గుతుంది," అన్నాడు. "ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట పట్టుకునే మాత్రలు మింగాను. వాంతులైనా మింగాను. ఇవాళ ఆవిడ తగ్గదని చెప్పేసింది. నాకు తగ్గే జబ్బే కావాలి."

ఆమెకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన కూర్చుని అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"జబ్బుల్ని బేరమాడి తెచ్చుకుంటామా? ఇది కాకపోతే అదివ్వు అనడానికి?"

"నువ్వు నవ్వించకు. నవ్వితే దగ్గొస్తుంది."

"నేను నవ్వించడంలేదు."

"పోనీ, షెడ్డు సంగతి వదిలెయ్. నేను పోను. ఇంట్లో కూర్చుంటాను. సరిపోతుందిగా?"

"మీరు కూర్చున్నచోట ఇవాళ ఎవరు నిలబడ్డారు?"

కిటికీ అవతల రంపం కీచుమంటూ పలకలో దిగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఇన్నేళ్లుగా ఆ చప్పుడు మధ్యే వాళ్లు మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు, పిల్లను నిద్రపుచ్చారు. ఇవాళ మొదటిసారి ఆమెకు అది మరో మనిషి దగ్గులా వినపడింది.

"ఈల మేస్త్రీ," అంది ఆమే. "రంపం చప్పుడు మీద కూడా వినపడేలా ఈల వేసేవాడు. ఈమధ్య ఎప్పుడైనా విన్నారా?"

"నాన్నకు ఎదురు తిరగలేను. నావల్ల కాదు," అన్నాడతను.

"నావల్ల అవుతుంది."

తలుపు తీస్తే బయట అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అయితే... మీ అమ్మ వల్ల కాదా?" అంది.

"కాదు అత్తయ్యా. ఒకవేళ అదే అయినా మా అమ్మ తప్పు కాదు. టీబీ వచ్చినవాళ్లేం దొంగతనం చెయ్యలేదు."

అత్తగారు పక్కకు జరిగి దారి ఇచ్చింది. అది క్షమాపణో, ఇంకో గొడవకు ముందు ఊపిరి తీసుకోవడమో తేల్చుకునే తీరిక పెద్దకోడలికి లేదు.

* * *

షెడ్డులోకి అడుగుపెడితే చెప్పుల కింద దుమ్ము పిండిలా మెత్తగా అణిగింది. కిటికీ ఊచల మీద, గోడ గడియారం మీద, తాగేనీళ్ల కుండ మూత మీద, మనుషుల కనురెప్పల మీద తెల్లగా అదే. రంపం దగ్గర ఈల మేస్త్రీ పలకను తోస్తున్నాడు. మూతికి కట్టుకున్న గుడ్డ పెదాలదగ్గర తడిసి ముద్దయింది.

ఆమె నేరుగా గోడదగ్గరికి పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

రంపం మూలుగుతూ ఆగింది. అందరూ తలలెత్తారు.

"కరెంటు పోయిందా?"

"పోలేదు. నేనే తీసేశాను," అంది. "అందరూ ఒక్క నిమిషం వినండి. మా ఆయనకు టీబీ లేదు. ఈ దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుంది. పేరుకున్నది పోదట. అందుకని మీకు ఇంకా పేరుకోకముందే చెప్తున్నాను. మీరందరూ ఛాతీ ఆసుపత్రికి రావాలి. గొట్టంలో నీళ్లు వచ్చేదాకా, గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టేదాకా, మంచి మాస్కులు ఇచ్చేదాకా ఇక్కడ కోత వద్దు."

పాలిష్ పట్టే మనిషి అన్నాడు, "చెప్పడం సులువమ్మా. పని ఆగితే మా పొయ్యి మీదికి ఏం ఎక్కుతుంది? మీరు పెడతారా?"

"నా దగ్గర దానికి జవాబు లేదు," అంది ఆమె. "అబద్ధం చెప్పను. ఆ జవాబు మామయ్యగార్ని అందరం కలిసే అడగాలి. మీ ఊపిరి సంగతి మీకు చెప్పకుండా దాచడం మాత్రం నా వల్ల కాలేదు."

"అబ్బాయిగారికే వచ్చిందంటే..." అంటూ ఈల మేస్త్రీ మూతిగుడ్డ కిందికి లాక్కున్నాడు. ఏదో అడగబోయాడు. అడక్కుండా పెదాలు గుండ్రంగా చుట్టి ఊదాడు. గాలి వచ్చింది. కొంచెమే వచ్చి తెగిపోయింది. మళ్లీ ఊదాడు. అక్కడున్నవాళ్లెవరూ నవ్వలేదు.

"పళ్లు ఊడినందువల్ల అనుకున్నా," అన్నాడు.

అప్పుడే మామగారు వచ్చారు.

"స్విచ్ ఎవరు తీశారు?"

"నేనే మామయ్యా."

"ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, ఇంట్లో తయారయ్యావు నువ్వు. లోపలికి పద."

"పోను. మీరు వీళ్లకు చెప్పండి, డాక్టరు ఏమందో. మీరే చెప్తానంటే నేను నోరు మూసుకుంటాను."

ఆయన పనివాళ్ల వైపు చూశారు. వాళ్లు ఆయన వైపే చూస్తున్నారు. ఈ షెడ్డు కట్టిననాటినుంచి ఆ చూపులెప్పుడూ అలా నిటారుగా ఆయనమీద నిలవలేదు.

"దుమ్ముకు మనుషులు చస్తారా?" అన్నారు. "అయితే నేనెప్పుడో పోవాలి. చూస్తూ ఉండండి."

స్విచ్ ఆయనే పైకి తోశారు. రంపం దగ్గరికి ఆయనే నడిచారు. మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు. మేస్త్రీని పక్కకు తప్పించి, కొత్త పలక తోశారు. రంపం గట్టిగా అరిచింది. తెల్లటి పొగలా దుమ్ము లేచి ముందు ఆయన చేతుల్ని, తర్వాత భుజాల్ని, తర్వాత ముఖాన్ని కప్పేసింది.

ఈల మేస్త్రీ అందరికంటే ముందు కదిలాడు. చేతులు దులుపుకుని తలుపు వైపు నడిచాడు. అతని వెనక మరొకరు, ఆ వెనక ఇంకొకరు. పాలిష్ పట్టే మనిషి ఆగి, ఆలోచించి, అతనూ బయటికి వెళ్లిపోయాడు.

లోపల దుమ్ములో మామగారు దగ్గుతున్నారు. దగ్గుతూనే కోస్తున్నారు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అత్తగారు, "రాత్రిళ్లు దిండు అడ్డం పెట్టుకుని దగ్గుతారు, అది నాకు తెలియదనుకున్నారా! ఆపండి!" అని కేకపెట్టింది. రంపం చప్పుడులో ఆయనకు వినపడలేదో, వినదలుచుకోలేదో.

స్విచ్ దగ్గరికి దారి లేదు. రంపం ఆ గోడ పక్కనే ఉంది, ఆయన స్విచ్‌కు అడ్డంగానే నిలబడి కోస్తున్నారు. పెద్దకోడలు చుట్టూ చూసింది. వెనకగోడ మీద, రంపం మీదికి పోయే నీళ్ల గొట్టానికి పాత కుళాయి ఉంది. జేబురుమాలు ముక్కుకు అదిమిపెట్టుకుని, తల వంచి ఆ తెల్లదనంలోకి దూరింది.

కళ్లు మండాయి. గోడ తడుముకుంటూ పోయింది. కుళాయి చేతికి తగిలింది. తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. రుమాలు వదిలేసి రెండు చేతులూ వేసి తిప్పింది, అది కదల్లేదు.

ఆమె చేతుల మీద ఇంకో చెయ్యి పడింది.

ఎవరిదో కనపడలేదు. కానీ చెవి పక్కనే తెగి తెగి లోపలికి పోతున్న ఊపిరి చప్పుడు, కొసన సన్నటి పిల్లికూత, అవి భర్తవని ఆమెకు చూడక్కర్లేకుండానే తెలుసు.

"మీరెందుకొచ్చారు? పోండి బయటికి!" అని అరిచింది.

ఆ చెయ్యి వదల్లేదు. ఇంకా బిగిసింది. కుళాయిని తిప్పడానికో, ఆమె వేళ్లను దాని మీదినుంచి ఊడదియ్యడానికో, ఆ దుమ్ములో ఆమెకు తెలియలేదు.